అంతులేని ధూళి స్తంభం, ఆరంగుళాల వార్త

మా పేపర్లో వార్తను కింది నుంచి కోసేవారు. నేను ఉద్యోగంలో చేరిన రోజే ఈ మాట చెప్పారు. దాని అర్థం బోధపడడానికి మాత్రం నాకు పన్నెండేళ్ళు పట్టింది. ఒక లెక్కల మేష్టారి పదకొండేళ్ళ శ్రమ దాదాపు చేజారిపోయాక గానీ బోధపడలేదు.

ఈ మధ్య మా వీధిలో ఒకమ్మాయి జర్నలిజం కోర్సులో చేరింది. "మీ అనుభవాలు చెప్పండి అంకుల్" అని అడిగింది. చెప్పడం మొదలుపెడితే ఫోను చూసుకుంది. అందుకని రాస్తున్నాను. రాసినదైతే తీరిక ఉన్నప్పుడు చదువుకోవచ్చు, లేనప్పుడు కింది నుంచి కోసేయొచ్చు.

నేను ఎక్కడెక్కడ పనిచేశానో, ఎప్పుడు ఏ హోదా వచ్చిందో రాయను. నాకే సరిగ్గా గుర్తులేదు. ఒక్క వార్త గురించి, అందులో నేను చేసిన తప్పు గురించి రాస్తాను.

కవరు, బస్సు, సత్తిరాజు గారు

తొంభైల్లో నేను కాకినాడ విలేకరిని. పేజీలు తయారయ్యేది రాజమండ్రిలో. న్యూస్‌ప్రింట్ ముక్కల మీద చేత్తో రాసి, కవర్లో పెట్టి, మధ్యాహ్నం బస్సు కండక్టరు చేతికిచ్చేవాణ్ణి. ఆ కవరు రాజమండ్రి బస్ కాంప్లెక్సులో దిగి, డెస్కుకు చేరి, మర్నాడు పొద్దున వార్తయి కాకినాడకు తిరిగొచ్చేది. మధ్యలో ఏం జరిగేదో నాకు తెలిసేది కాదు. పిల్లను అత్తారింటికి పంపి, మర్నాడే గుర్తుపట్టలేకపోయిన తండ్రిలా ఉండేది నా పరిస్థితి.

అక్కడ డెస్క్ ఇన్‌చార్జి సత్తిరాజు గారు. తెల్ల లాల్చీ, నోట్లో వక్కపొడి. ఆయన నాకు రెండు సూత్రాలు నేర్పారు. మొదటిది, ముఖ్యమైనది పైన రాయాలి, కిందికి పోయేకొద్దీ ముఖ్యం తగ్గాలి. పేజీలో చోటు చాలనప్పుడు ఎవరినీ అడక్కుండా కింది నుంచి కోసేయొచ్చు. రెండోది, రాసిన కాపీని ఎవరి గురించి రాశామో వాళ్ళకు అచ్చుకు ముందు చూపించకూడదు.

"చూపిస్తే ఏమవుద్దండి?" అని అడిగాను ఒకసారి.

"దిద్దుతారండి," అన్నారాయన. "దిద్దితే నిజం అవుద్ది. నిజమైతే పొడుగవుద్ది. పొడుగైతే ఎలాగూ కోసేస్తాం. అంత శ్రమ ఎందుకు చెప్పండి?"

ఆయన మంచి ఎడిటర్. ఇది వెటకారంగా అనడం లేదు. పది నిమిషాల్లో పేజీ నిలబెట్టగలరు. అయితే తుని పాటల పోటీలో మూడో బహుమతి వచ్చినాయన ఆ వార్త పట్టుకుని మా ఆఫీసుకొచ్చి, "మొదటి రెండు బహుమతులూ వేశారు. మూడోది నాదండి. నేను పాడలేదాండి?" అని అడిగినప్పుడు జవాబు చెప్పాల్సింది సత్తిరాజు గారు కాదు, నేను. కింది నుంచి కోసే పద్ధతికి మొదటి బాధితుడు ఆయన. అప్పుడు నవ్వుకున్నాను. అక్కడే నేర్చుకుని ఉండాల్సింది.

ముగ్గురు శ్రోతల ప్రసంగం

కాకినాడలో ఒక కాలేజీవాళ్ళు సైన్స్ సదస్సు పెట్టారు. నేను చదివింది బి.ఎస్సీ. అది కూడా రెండో ప్రయత్నంలో పాసయ్యాను. అయినా ఆఫీసులో సైన్స్ అనే మాట వినిపిస్తే అందరూ నావైపు చూసేవారు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత చివరి ప్రసంగం. అక్కడే లెక్కలు చెప్పే విశ్వనాథం మేష్టారు, అంశం 'సాధారణ సాపేక్ష సిద్ధాంతంలో తిరిగే ధూళి'. ఓడరేవు రోడ్డులో ఎరువుల లారీలు లేపే దుమ్ము మీద ఎవరో మాట్లాడుతున్నారని, జనానికి పనికొచ్చే వార్త దొరికిందని కూర్చున్నాను. శ్రోతలం ముగ్గురం. ఒకాయన నిద్రపోతున్నాడు, ఇంకొకాయన మైకు తీసుకెళ్ళడానికి వచ్చినవాడు.

మేష్టారు బోర్డు నిండా సమీకరణాలు రాశారు. నాకు ఒక్కటీ తెలియలేదు. అయినా ఆయన రాస్తుంటే చూడబుద్ధేసింది. సుద్ద విరిగితే కింద పడ్డ ముక్క తీసి రాసేవారు. తప్పు రాస్తే చెరిపి, "క్షమించండి" అని మా ముగ్గురికీ చెప్పేవారు, నిద్రపోతున్నాయనతో సహా.

అయిపోయాక దగ్గరికెళ్ళి అడిగాను. "ఈ ధూళి ఎక్కడిదండి?"

"ఎక్కడా లేదండి," అన్నారు సంతోషంగా.

సామర్లకోటలో ఒక ఆదివారం

ఎక్కడా లేని దాని మీద ఒక మనిషి పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాడంటే నాకది వార్తే. ఆదివారం సామర్లకోట వెళ్ళాను. వాళ్ళ ఇల్లు స్టేషన్‌కు దగ్గర. చక్కెర ఫ్యాక్టరీ వాసన వీధంతా ఉంది. మేష్టారి భార్య కామేశ్వరి గారు తలుపు తీశారు. నేనెందుకు వచ్చానో చెప్పగానే ఆవిడ నవ్వారు.

"ఇంట్లో దుమ్ము దులపమంటే ఒక్క రోజూ దులపలేదండీ ఈయన. దాని మీద పరిశోధనట. రండి, చూద్దురు గాని, ఆ అలమరలో కావలసినంత ఉంది."

"అది కాదు కామేశ్వరీ," అన్నారు లోపలి నుంచి మేష్టారు.

"ఏదైతేనేం. తిరిగేదే కదా. ఫ్యాను వేస్తే ఇదీ తిరుగుద్ది."

ఆ పూట మేష్టారు నాకు చెప్పింది ఇది. గురుత్వాకర్షణ గురించి ఆ సిద్ధాంతం ఇచ్చే సమీకరణాలు చాలా మొండివి. వాటికి ఉజ్జాయింపు జవాబులు ఎన్నయినా రాస్తారు. కచ్చితమైన జవాబు, అంటే కాగితం మీద తుది దాకా రాసి చూపగలిగినది, అరుదుగా చిక్కుతుంది. అది చిక్కాలంటే పదార్థాన్ని వీలైనంత సాదాగా ఊహించుకోవాలి. అన్నిటికన్నా సాదా పదార్థం ధూళి.

"ధూళి అంటే ఏంటంటే మూర్తిగారూ, ఒకరినొకరు తోసుకోని జనం అనుకోండి. కాకినాడ బస్సెక్కే జనం కాదండి. వాళ్ళది పీడనం. ఇక్కడ పీడనం సున్నా. ఎవడి దారిన వాడు పోతాడు."

"మరి తోసుకోకపోతే, ఆకర్షణకి అందరూ మధ్యలోకి వచ్చి కుప్పలా పడరాండి?"

ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ ప్రశ్న ఆయన్ని అప్పటిదాకా ఇంటికొచ్చినవాళ్ళెవరూ అడిగినట్టు లేదు. "పడతారండి! అందుకే తిప్పుతాం. రంగులరాట్నంలో బయటికి విసిరేసినట్టు ఉంటుంది చూడండి, ఆ విసురూ ఈ లాగుడూ సరిగ్గా సరిపోతే చాలు. ఎవరూ ఎవరినీ తోయరు, ఎవరూ పడిపోరు. స్తంభంలా నిలబడి తిరుగుతూనే ఉంటుంది."

తర్వాత ఆయన గొంతు తగ్గించి చెప్పింది విని నా చేతిలో పెన్ను దానంతటదే పరుగెత్తింది. ఆ స్తంభం నడిమి నుంచి బాగా దూరం పోయి, అక్కడ ఒక వలయంలో చుట్టి వచ్చినవాడు తాను బయల్దేరిన క్షణానికే తిరిగి చేరుకోవచ్చని లెక్క ఒప్పుకుంటుందట. అంటే తన గతంలోకి.

"నిజంగానా అండి?"

"లెక్క ప్రకారమండి. ఇలాంటి జవాబు వచ్చిందంటే మనం ముందు వేసుకున్న షరతేదో లోకానికి సరిపడనిదని నా ఉద్దేశం." ఆయన నా పెన్ను వైపు చూశారు. "రెండు మాటలు మటుకు తప్పకుండా రాయాలి మీరు. మొదటిది, ఈ మూల సాధన నాది కాదండి. అరవై ఏళ్ళ కిందటే ఐరోపాలో సాధించారు. అందులో ధూళంతా ఒక్క ముద్దలా, ఒకే తిరుగుడు. నేను చేసిందల్లా, లోపలి పొర ఒక వేగంతో, బయటి పొర ఇంకో వేగంతో తిరిగితే ఏమవుద్దో ఒక చిన్న సందర్భానికి రాయడం. రెండోది, ఆ స్తంభం పైకీ కిందికీ అంతులేనిదనుకుంటేనే ఇదంతా. అలాంటి స్తంభం ఎక్కడా ఉండదండి."

"రాస్తానండి."

"మర్చిపోరు కదా?"

"రాస్తానన్నానుగా మేష్టారూ."

కాఫీ ఇస్తూ కామేశ్వరి గారు అసలు సంగతి చెప్పారు. ఆయన పార్ట్ టైం పి.హెచ్.డి. గడువు ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు, ఇదే ఆఖరు. థీసిస్ టైపయింది. గైడు గారు సంతకం పెడితే ఆ నెలాఖరులోగా యూనివర్సిటీకి ఇచ్చేయాలి. ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ పోతుంది, పదకొండేళ్ళూ పోతాయి. "గతంలోకి వెళ్ళడం సరే గాని, ముందు ఆ గడువులోకి వెళ్ళమనండి ఈయన్ని," అన్నారావిడ.

చీరల ప్రకటన

ఆ రెండు మాటలూ రాశాను. మాట తప్పలేదు. చివరి పేరాలో రాశాను.

చాలా ఏళ్ళు ఈ కథ చెప్పినప్పుడల్లా తప్పు డెస్కు మీదకు నెట్టేవాణ్ణి. ఈ వయసులో ఎవరి దగ్గర దాచాలి? పైన గతంలోకి ప్రయాణం, మధ్యలో సామర్లకోట, మేష్టారు, చక్కెర ఫ్యాక్టరీ వాసన. 'అయితే' అని మొదలయ్యే ఆ రెండు మాటలూ పైకి తెస్తే వార్త చప్పబడిపోతుందని నాకు తెలుసు. చివర్న పెడితే కోస్తారని కూడా తెలుసు. కోస్తారని అనుకోలేదు అనను. కోయకపోవచ్చు అని సర్దిచెప్పుకున్నాను, అంతే. మేష్టారికిచ్చిన మాటా నిలబడింది, నా వార్తా నిలబడింది అనుకున్నాను.

పేపరు వచ్చింది. డబుల్ కాలమ్, ఆరంగుళాలు, మేష్టారి ఫొటోతో. 'కాలంలో వెనక్కి వెళ్ళొచ్చు! సామర్లకోట మేష్టారి ఘనత' అని హెడ్డింగు. ఫొటోలో ఆయన నిజంగా ఎక్కడి నుంచో అప్పుడే తిరిగొచ్చినట్టు బిత్తరగా ఉన్నారు. వార్త 'తిరిగే ధూళి స్తంభానికి ఆయన కచ్చితమైన సాధన రాశారు' అనే వాక్యంతో ఆగిపోయింది. దాని కింద చీరల ఎగ్జిబిషన్ ప్రకటన. ఆఖరు నిమిషంలో వచ్చిందట.

అంతులేని స్తంభాన్ని మేం ఆరంగుళాల దగ్గర కోశాం.

మొదటి రెండు రోజులూ సరదాగా గడిచాయి. మేష్టారి ఇంటికి జనం రావడం మొదలైంది. స్టేషన్ నుంచి ఒకాయన సూట్‌కేసుతో సహా వచ్చి, "పొద్దున పోయిన రైలు అందుద్దాండి?" అని అడిగాడట. పెద్దాపురం నుంచి ఒక రైతు వచ్చి, పోయిన సార్వా పంటకు వేరే రకం విత్తనం వేసి చూసుకోవచ్చా అన్నాడట. క్లాసులో పిల్లలు "మొన్నటి యూనిట్ టెస్ట్ మళ్ళీ రాసొస్తాం సార్" అన్నారట. కామేశ్వరి గారు వీధిలో కుర్చీలు వేయించి, "లోపల లెక్కలు చేసుకుంటున్నారండి, పోయినేడాది రండి" అని పంపించేశారట.

మూడో రోజు ఎవరో ఆ కటింగు గైడు గారికి పంపారు.

గొడుగు

మేష్టారు మా ఆఫీసుకొచ్చారు. ఎండ లేదు, వాన లేదు, చేతిలో గొడుగుంది. కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నారు. కోప్పడతారని నేను సిద్ధంగా ఉన్నాను. ఆయన కోప్పడలేదు.

"మా గైడు గారు ప్రిన్సిపాల్ గారి రూముకి ఫోన్ చేశారండి. 'ఇంకొకరి సాధన తనదని పేపర్లో వేయించుకున్న వాడి థీసిస్ మీద నా సంతకం ఉండదు' అన్నారు. ఫోన్ పెట్టేశారు." గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "ఆ రెండు మాటలూ రాశారాండి మీరు?"

"రాశానండి."

"ఎక్కడండి?"

"చివర్లో."

"చివర్లో ఎందుకండి?" ఆయనకు నిజంగా అర్థం కాలేదు. "మా లెక్కల్లో షరతు ముందు రాస్తామండి. ఫలానాది ఫలానా అనుకుందాం అని. అది లేకపోతే దాని కింద రాసిందంతా అబద్ధం కదండి."

"మా దగ్గర అవి చివర్నే రాస్తామండి."

"చివరివి ఎవరు చదువుతారండి?"

"ఎవరూ చదవరండి. అందుకే కోస్తారు."

"పద్ధతి బానే ఉందండి," అన్నారు. వెటకారం ఆయనకు చేతకాదు. అందుకే ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆయన ఎదుటే రాజమండ్రికి ఫోన్ చేశాను. సవరణ వేయాలన్నాను.

"సవరణా?" అన్నారు సత్తిరాజు గారు. "పేరు తప్పైతే వేస్తాం. ఊరు తప్పైతే వేస్తాం. స్తంభం పొడుగు తప్పైందని ఎవరన్నా వేస్తారేంటండి? ఇంతకీ ఎంత పొడుగు?"

"అంతులేదండి."

"అంతులేనిదానికి ఎక్కడండి చోటు నా దగ్గర? అయినా ఫొటో వేశాం కదండీ, సంతోషించమనండి."

బల్ల అంచు

మర్నాడు పొద్దున్నే రాజమండ్రి బస్సెక్కాను. నేను రాసిన కాగితాలు దొరికితే, ఆ పేరా మొదటి నుంచీ ఉందని గైడు గారికి చూపించొచ్చని నా ఆలోచన. వెళ్ళేసరికి వాటిని ఆ వారం చిత్తుకాగితాల్లో వేసేశారని తెలిసింది. తిరిగొచ్చేద్దామనుకుంటూ పేజీలు అతికించే గదిలోకి తొంగి చూశాను.

అప్పట్లో వార్త కంప్యూటర్లో టైపు చేసి, పొడుగాటి రిబ్బనులా ప్రింటు తీసి, దాన్ని పేజీ షీటు మీద అతికించేవారు. ఎక్కువైంది బ్లేడుతో కోసేవారు. కోసేది ఫోర్‌మన్ అప్పారావు. బొటనవేలి గోరు ఎప్పుడూ గమ్ముతో తెల్లగా ఉండేది.

"ఆయ్, నేనే కోసానండి," అన్నాడు ఏ మొహమాటమూ లేకుండా. "చీరల ప్రకటనొచ్చిందండి. ఇంతుంది." చేతులు చాపి చూపించాడు. "కోసిన ముక్క కావాలాండి?"

"ఉందా?"

"ఎక్కడికి పోద్దండి? చూసుకోండి."

ఆ బల్ల అంచు చూపించాడు. పన్నెండేళ్ళుగా రాజమండ్రి వచ్చినప్పుడల్లా ఆ గదిలోకి వెళ్తున్నాను, ఒక్కసారీ గమనించలేదు. బ్లేడుకు అంటుకున్న ముక్కను అప్పారావు కింద పారేసేవాడు కాదు, బల్ల పక్క చెక్కకు అతికించేవాడు. ఎక్కడైనా అరంగుళం ఖాళీ వస్తే పనికొస్తుందని. అలా నాలుగు వైపులా, ముక్క మీద ముక్క, వేలి మందాన పేరుకుపోయాయి, మా జిల్లా వార్తల చివరి పేరాలన్నీ. వంగి చదివాను. 'సాయంత్రానికి విద్యుత్ సరఫరా పునరుద్ధరిస్తామని ఆయన చెప్పారు.' 'ఈ ఆరోపణలను ఆయన ఖండించారు.' 'ఆయనకు భార్య, ఇద్దరు కుమార్తెలు ఉన్నారు.' 'మూడో బహుమతి తునికి చెందిన...'

మనం చెప్పాల్సిన 'అయితే'లన్నీ ఆ బల్లకు అంటుకుని ఉన్నాయి.

మేష్టారి ముక్క పైపైనే దొరికింది. అప్పారావు తడిగుడ్డతో మెత్తబరిచి, గోరుతో ఊడదీశాడు. ఏడు లైన్లు. మూల సాధన తనది కాదని, అరవై ఏళ్ళనాటిదని, స్తంభం అంతులేనిదని ఊహిస్తేనే ఇది చెల్లుతుందని మేష్టారు స్పష్టం చేశారు. అచ్చు అక్షరాల్లో, మా పేపరు టైపులో.

సత్తిరాజు గారు వెనక నుంచి వచ్చి, నా భుజం మీదుగా చదివారు. చదివి, వక్కపొడి నమలడం ఆపారు.

"ఆయన సంతకం పెట్టనన్నాడాండి, ఆ గైడు?"

"పెట్టనన్నారండి."

ఆయన వెళ్ళి లెటర్‌హెడ్ మీద మూడు లైన్లు రాసి తెచ్చారు. ఈ భాగం విలేకరి పంపిన వార్తలో ఉన్నదని, స్థలాభావం వల్ల తమ కార్యాలయంలో తొలగించామని, పొరపాటు తమదని. కింద సంతకం, ముద్ర.

"ఇది పేపర్లోనే వేయొచ్చుగదండి," అన్నాను.

"పేపర్లో వేస్తే ఊరంతా చదువుతారు. దీన్ని ఒక్కడే చదువుతాడు."

ఆయన మీద నా తీర్పు ఏంటని మీరడిగితే ఇదే. తప్పును ఒక మనిషి ముందు ఒప్పుకోగలిగినవారు, వేలమంది ముందు ఒప్పుకోలేనివారు. మా వృత్తిలో మొదటిది కూడా లేనివాళ్ళ కింద పనిచేశాను. అందుకని ఆయన్ని మంచి బాసుల్లోనే లెక్కేస్తాను.

నాలుగు వాక్యాలు

మేష్టారూ నేనూ సామర్లకోటలో రైలెక్కి యూనివర్సిటీకి, గైడు గారి దగ్గరికి వెళ్ళాం. తుని దాటాక మేష్టారు, "ఒకవేళ పెట్టకపోతే ఏముందిలెండి, ధూళి ఎక్కడికీ పోదు" అన్నారు. అన్నాక కిటికీ వైపు తిరిగిపోయారు.

గైడు గారు సన్నగా, గట్టిగా ఉన్నారు. కూర్చోమనలేదు. లెటర్ చదివి పక్కన పెట్టారు. ముక్కను వెలుగుకేసి పట్టి చదివారు. మళ్ళీ చదివారు. దాని వెనక అంటుకున్న ఎవరిదో అంత్యక్రియల వార్త కూడా చదివారు.

"ఇది మీరు రాశారా?" అని నన్నడిగారు.

"ఆయన చెప్పిందేనండి."

"విశ్వనాథం," అన్నారు మేష్టారితో, "ఏది ఎవరిదో, ఏది నీదో చెప్పడానికి నీ మొదటి అధ్యాయంలో పదిహేను పేజీలు తీసుకున్నావు. ఈయన నాలుగు వాక్యాల్లో చెప్పాడు." తర్వాత నావైపు తిరిగారు. "ఇంత బాగా రాసినవారు చివర్న ఎందుకు పెట్టారండి?"

చీరల ప్రకటన గురించి చెప్పబోయాను. మేష్టారు నా ముఖం చూస్తున్నారు. "పైన పెడితే వార్త చప్పగా అవుద్దని పెట్టానండి," అన్నాను. బయటి మనిషి ముందు ఆ మాట ఒప్పుకోవడం అదే మొదటిసారి. మేష్టారు కూడా అప్పుడే విన్నారు.

గైడు గారు డ్రాయరులోంచి థీసిస్ తీశారు. పెన్ను మూత తీశారు. "వైవాలో ఎవడో ఒకడు ఆ కటింగు బయటికి తీస్తాడు. జవాబు సిద్ధం చేసుకో." సంతకం పెట్టారు.

రైల్లో తిరిగొస్తూ మేష్టారు నాతో అన్నదొకటే. "చప్పగా ఉండదండి. అంతులేని స్తంభం అన్నమాట నాకెప్పుడూ చప్పగా అనిపించలేదు."

వైవా, దాని వార్త

గైడు గారు చెప్పినట్టే అయింది. కొన్ని నెలల తర్వాత వైవాకు నేనూ వెళ్ళి వెనక వరుసలో కూర్చున్నాను. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు మొదటి ప్రశ్నకు ముందే జేబులోంచి కటింగు తీశారు. "మేష్టారూ, మనం వెనక్కి వెళ్ళొచ్చంటారా?"

"స్తంభానికి అంతులేకపోతే లెక్క ఒప్పుకుంటుందండి," అన్నారు విశ్వనాథం గారు. "నేను చూసిన స్తంభాలన్నిటికీ చివరుందండి. వార్తకీ ఉందండి. ఆ చివర్నే వీళ్ళు కోసేశారు."

గదిలో అందరూ నవ్వారు, నా చెవులు తప్ప. అవి కాలిపోతున్నాయి. తర్వాత గంటన్నర పాటు అసలు ప్రశ్నలు నడిచాయి. ఆ పొరల వేగాల దగ్గర ఒకచోట ఆయన తడబడి, బోర్డు మీద చెరిపి, "క్షమించండి" అని మళ్ళీ రాశారు. చివరికి డాక్టరేట్ ఇవ్వవచ్చని చెప్పారు. కామేశ్వరి గారు కళ్ళు తుడుచుకుంటూ, "దుమ్ము పడిందండి" అన్నారు.

ఈసారి వార్త నేను జాగ్రత్తగా రాశాను. షరతు మొదటి వాక్యంలో పెట్టాను, అంతులేని స్తంభమనేది ఊహ మాత్రమేనని. రెండో వాక్యంలో మూల సాధన ఎవరి కాలం నాటిదో. మూడోదాంట్లో మేష్టారి వంతు ఎంతో. ఎక్కడ కోసినా నష్టం లేకుండా బిగించి, కవర్లో పెట్టి, బస్సుకిచ్చి, చాలా ఏళ్ళ తర్వాత హాయిగా నిద్రపోయాను.

పొద్దున్నే ఫోన్ మోగింది. మేష్టారు.

"వార్త చాలా బాగుందండి. ఒక్క తప్పు లేదు."

"ధన్యవాదాలండి."

"షరతులన్నీ వచ్చాయండి. ఐరోపా సంగతి వచ్చింది. 'కాలంలో వెనక్కి వెళ్ళలేం: సామర్లకోట మేష్టారు' అని హెడ్డింగు కూడా పెట్టారు." పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. "నాకు డాక్టరేట్ వచ్చిందన్న మాట ఒక్కటే రాలేదండి."

ఆ మాట నేను చివర్లో రాశాను.

ఆ రోజే రాజమండ్రి వెళ్ళాను. అప్పారావు నన్ను చూడగానే తడిగుడ్డ తీశాడు. "మీదేనండి, ఇంకా తడారలేదు." రెండు లైన్ల ముక్క. దాన్ని పుస్తకంలో పెట్టుకుని సామర్లకోటలో దిగి మేష్టారికిచ్చాను.

జర్నలిజంలో చేరిన అమ్మాయికి నేను చెప్పగలిగింది ఏమైనా ఉంటే ఇదే. నీ పేజీకి ఇప్పుడు అంతులేదు, చీరల ప్రకటన కోసం ఎవరూ బ్లేడు పట్టుకోరు. అయినా చదివేవాడి వేలు ఆరంగుళాల దగ్గరే ఆగుతుంది. ఏ మాట లేకపోతే మిగతాదంతా అబద్ధమవుతుందో ఆ మాట పైన పెట్టు. ఏ మాట కోసం ఒక ఇంట్లో పదకొండేళ్ళు ఎదురుచూశారో అదీ పైనే పెట్టు. రెండూ ఒకే వాక్యంలో పట్టించడం కష్టం. మన ఉద్యోగం అదే.

మేష్టారు ఆ వార్తకు ఫ్రేము కట్టించారు. నేనిచ్చిన ముక్కను దాని కిందే, ఉండాల్సినచోట, వంకర లేకుండా అతికించారు. పైకి జరపొచ్చు కదా అన్నాను.

"వద్దండి. షరతు ముందు, ఫలితం చివర. మీ పద్ధతి ఎలా ఉన్నా, ఇది మా పద్ధతికి సరిగ్గా సరిపోయింది."

కామేశ్వరి గారు కొంగుతో అద్దం తుడిచి, కొంచెం వెనక్కి జరిగి చూసుకున్నారు.

"బానే ఉంది," అన్నారు. "ఇక దీని మీద పడే ధూళి మటుకు డాక్టరు గారే దులపాలి."